మామ మీద విరుచుకుపడ్డ రోజు

నా చిన్నప్పుడు మా మేనమామ మీద వచ్చినంత కోపం నాకు ఇంకెవరి మీదా రాలేదు. డోర్నకల్ దగ్గరి మా ఊళ్లో మోటారు సైకిలు ఉన్నది ఆయనకొక్కడికే. మీసాలు మొలుస్తున్న వయసులో నాకు దాన్ని నడపడం నేర్పాడు. నేర్పి ఊరుకున్నాడా? నేను ఎక్కేముందు ఒకనాడు ట్యాంకు కింద పెట్రోలు వదిలే కాక్ మూసేసేవాడు, ఇంకోనాడు ప్లగ్గు వైరు ఊడదీసేవాడు. నేను కిక్కు కొట్టి కొట్టి చెమటలు కక్కుతుంటే అరుగు మీద కూర్చుని పల్లీలు నమిలేవాడు. "ఏమైందో నువ్వే సూడు అల్లుడా" అనేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

ప్రత్యేక రాష్ట్రం కావాలని జనం రోడ్డెక్కిన రోజులవి. మానుకోటలో చదువుతున్న మా అన్నకు ఊరేగింపులో లాఠీ దెబ్బ తగిలి తల పగిలిందనీ, దవాఖానలో ఉన్నాడనీ కబురొచ్చింది. రైళ్లు లేవు, బస్సులు లేవు. మామ తాళంచెవి నా చేతిలో పెట్టి వెనక కూర్చుంటే నేనే నడిపాను. సగం దారిలో బండి దగ్గి దగ్గి ఆగిపోయింది.

"ఇయ్యాల గూడ గిదేనా? ఆడ అన్న పానం మీదికొస్తే నీకు ఆటలేనా మామా!" అని నడిరోడ్డు మీద అరిచాను. నోటికొచ్చిన తిట్టల్లా తిట్టాను.

"నేనేం జెయ్యలేదు బిడ్డా. నాకు చేతులాడ్తలేవు, జర నువ్వే సూడు" అన్నాడు.

పళ్లు కొరుకుతూనే చూశాను. కాక్ తెరిచే ఉంది, వైరు ఊడలేదు. ప్లగ్గు విప్పితే నల్లటి జిడ్డు, మా ఇద్దరి ముక్కులకూ గుప్పుమని ఆముదం వాసన. బయల్దేరేటప్పుడు మామను కన్న మా అవ్వ గిన్నె పట్టుకుని బండి దగ్గర ఎందుకు తచ్చాడిందో అప్పుడర్థమైంది. ఎడ్లబండి ఇరుసుకు ఆముదం పోసినట్టే, మనవడి దగ్గరికి జల్ది చేరాలని పెట్రోలు ట్యాంకులోనూ పోసింది! వేళ్లు కాలుతున్నా ప్లగ్గును తువ్వాలతో తుడిచి, మామ అగ్గిపెట్టె గరుకుకు రుద్ది బిగించాను. దారిపొడవునా అదే పని. దవాఖానలో అన్న తలకు కట్టుతో లేచి కూర్చున్నాడు. మామ వాణ్ని పట్టుకుని ఏడ్చాడు.

ఇంటికొచ్చాక అవ్వ గుమ్మంలోనే అడిగింది, బండి మంచిగ పోయిందా అని. నేను నోరు తెరిచేలోపే మామ, "మస్తు పోయిందే అవ్వా" అన్నాడు.

ఆ లాఠీ ఎత్తినవాడి మీద నా కోపం ఇన్నేళ్లయినా చల్లారలేదు, చల్లారనివ్వను. కానీ అత్త మీది కోపం దుత్త మీద చూపడం ఆనాటితో మానేశాను. ఎవరి మీదైనా నోరు లేస్తే, ముందు తప్పెక్కడుందో విప్పి చూస్తాను. అక్కడ ప్రేమ కనబడితే, మామలాగే అబద్ధమాడి ఊరుకుంటాను.