మిరపకళ్ళంలో అమ్మ బొమ్మ

మా ఊరి జమీందారుగారి బంగళాని గీసిన బొమ్మల మ్యూజియం చేశారని తెలిసిన రోజు నుంచీ అమ్మకు నిద్ర లేదు. శనివారం చర్చి ఆడవాళ్ళంతా చూడ్డానికి వెళ్తున్నారని విన్నాక అన్నం కూడా సరిగ్గా తినడం మానేసింది. నాకు ఒళ్ళు మండి గట్టిగా అడిగితే అప్పుడు బయటపెట్టింది.

పెళ్ళికి ముందు అమ్మ ఆ బంగళా వెనక మిరపకళ్ళంలో కూలికి వెళ్ళేది. జమీందారుగారింటికి వచ్చిన చిత్రకారుడొకాయన ఓ మధ్యాహ్నమంతా అమ్మను కూర్చోబెట్టి బొమ్మ గీసుకున్నాడట. గీసింది ఆమెకు చూపించలేదు. తర్వాతెప్పుడో కిటికీలోంచి తొంగి చూస్తే, హాల్లో గోడ మీద ఒంటి మీద నూలుపోగు లేని దొరసాని పటం కనిపించింది. బొమ్మలేసేవాళ్ళు ఆడవాళ్ళని అట్లాగే వేస్తారని, తననీ అట్లాగే వేసుంటాడని అమ్మ అనుకుంది. ఆ భయంతోనే కాపురం చేసింది, నాన్నకు చెప్పలేదు. నాన్న పోయాక నాకూ చెప్పలేదు.

"వాళ్ళందరూ నన్నట్టా చూశాక చర్చి గడప ఎట్టా తొక్కేదే?" అంది.

"అట్టాంటి బొమ్మే ఉంటే ఆ బంగళాని పీకి పందిరేస్తా. నువ్వు ముందు అన్నం తిను," అన్నాను.

శుక్రవారం బడికి సెలవు పెట్టి తీసుకెళ్ళాను. మెట్ల దగ్గర అమ్మ అలవాటుగా చెప్పులు విప్పబోయింది. "అక్కర్లేదండి, వేసుకునే రండి," అన్నాడు గార్డు. అయినా విప్పి చేత పట్టుకుంది. రెండో చేత్తో నా మణికట్టు పట్టుకుంది. హాల్లో అడుగు పెట్టగానే ఎదురుగా ఆ దొరసానే! "దేవా!" అని అమ్మ ముఖం తిప్పేసుకుంది. అప్పటిదాకా ఇదంతా అమ్మ చాదస్తమే అనుకున్న నాకూ గుండె జారింది.

గదులు చూసుకుంటూ వెళ్ళాం. ఒకచోట మిరపకాయల రాశి ముందు కూర్చున్న ఆడమనిషి బొమ్మ ఉంది. ఘాటుకి ముక్కూ మూతీ గుడ్డతో చుట్టుకుంది, కళ్ళు తప్ప ముఖం కనిపించదు. చీర పాదాల దాకా ఉంది. నేను దాటిపోయాను.

"ఆగవే," అంది అమ్మ. "ఆ రవిక్కి ఒక చెయ్యి నీలం, ఒక చెయ్యి ఆకుపచ్చ చూశావా? గుడ్డ చాలక మా అమ్మ అట్టా కుట్టింది. అది నేనే."

ఇంకో బొమ్మ ఏమన్నా ఉందేమోనని అమ్మను అక్కడే నిలబెట్టి మిగిలిన గదులన్నీ గాలించాను. ఎక్కడా లేదు. అమ్మయ్య! నా ప్రాణం లేచొచ్చింది. పరిగెత్తుకుంటూ వచ్చి, "ఇదొక్కటేనే అమ్మా!" అన్నాను. అమ్మ నవ్వుతోంది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"ఎంత మర్యాదగా వేశాడే ఆ మహానుభావుడు! ఇన్నేళ్ళూ వాడి చేతులు పడిపోనని తిట్టుకున్నా గదా!" అంది.

అని చెప్పులు కింద పడేసి, కొంగు తల మీదికి లాక్కుని, అక్కడే మోకాళ్ళూనింది. "తండ్రీ, నా నోటి మాటేదీ ఆ చేతులకి తగలనీకుండా చూడు. ఆయన ఉంటే చల్లగా ఉంచు, పోయుంటే నీ దగ్గరే ఉంచుకో." చర్చిలో చేసినట్టే, గొంతెత్తి ప్రార్థన చేసింది.

గార్డు ఆపడానికి వచ్చి, టోపీ తీసి అలాగే నిలబడిపోయాడు. జనం చూస్తున్నారు. చూస్తే చూడనీ అనుకుని, అందరికీ వినిపించేట్టు ఆమెన్ అన్నాను.