సమ్మమ్మ ఎంచుకున్న సైరన్

తొర్రూరు రోడ్డు మీది జిన్నింగ్ మిల్లులో సమ్మమ్మ చాలా ఏళ్లు మిషన్లకు పత్తి అందించింది. పత్తి నూగు లోపలికి పోకుండా ముక్కూ చెవులూ కలిపి కండువా బిగించుకునేది. అక్కడి ఆడవాళ్లందరూ అంతే. ఇరుక్కున్న పత్తిని తీయడానికి మిషన్ ఆపితే, మళ్లీ నడిపే ముందు గంట మోగించాలి. ఆ కరెంటు గంటను సూపర్‌వైజర్ సదానందం సెలవు రోజున బిగించాడు. మోగించి చూసి, "గేటు దాకా ఇనవడ్తాంది" అని మురిసిపోయాడు.

పనిరోజున అది మిషన్ల హోరులో మునిగిపోయింది. సమ్మమ్మ చేయి ఇంకా మిషన్ లోపలే ఉంది. సదానందం గంట కొట్టి, ఇటు చూడకుండానే స్విచ్ వేశాడు. కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. ఆ తర్వాత అతను మిషన్లన్నీ ఆపించి, యజమాని ముందు మళ్లీ గంట కొట్టి చూపించాడు.

"సప్పుడు మంచిగనే ఉన్నది సేటూ. ఈమెకే చెవుడు."

వేళ్లు పోయినందుకన్నా ఆ మాటకే సమ్మమ్మకు ఎక్కువ మండింది. చేయి మానాక ఊడ్చే పనికి వచ్చి, రోజూ అతన్ని చూస్తూ ఊడ్చేది. మళ్లీ పత్తి సీజన్ మొదలైంది. ఆ మిషన్ దగ్గరికి ఏ ఆడమనిషీ పోనంది. ఏం చేయాలని యజమాని అడిగితే సమ్మమ్మ ముందుకొచ్చింది.

"సారును నిలవెట్టు సేటూ. కండువా గట్టుకోని, మిషన్ల చెయ్యి వెట్టాలె. గంట ఇనవడంగనే తియ్యాలె."

ఆ ఒక్క మిషన్ తిరగకుండా బెల్టు తీసేసి, తక్కినవన్నీ నడిపారు. సదానందం నవ్వుతూనే చేయి పెట్టాడు. యజమానే గంట మోగించాడు. చేయి కదల్లేదు. మళ్లీ మోగించాడు. సమ్మమ్మ వెనక నుంచి పోయి, మిగిలిన రెండు వేళ్లతో అతని మణికట్టు పట్టుకుంది. అతను కెవ్వుమని ఎగిరి దూకాడు.

"గంట గొట్టి శానసేపాయె. నీక్గూడ చెవుడేనా సారూ?" అని అతని చెవిలో అరిచింది.

వరంగల్ నుంచి రెండు రకాల హారన్లు తెప్పించి, ఈసారి మిషన్లు నడుస్తుండగానే మోగించారు. పెద్దదాని మోత హోరులో కలిసిపోయింది. ఎక్కుతూ దిగుతూ ఊళవేసే సైరన్ మాత్రం కండువాలు దాటి చెవికెక్కింది. సమ్మమ్మ దాన్నే కోరింది. దాన్ని మిషన్ల మీద, అలాంటిదే ఇంకొకటి తెప్పించి సదానందం బల్ల పైన బిగించమంది.

"నా నెత్తి పలుగుతదక్కా!" అన్నాడతను.

"పలుగనియ్యి."

ఇప్పుడది ఊళవేసిన ప్రతిసారీ అతను చెవులు మూసుకుంటాడు. సమ్మమ్మ చీపురు ఆపి చూస్తుంది. పక్కన పనిచేసే యమున ఒకరోజు అడిగింది: "ఇగ సల్లవడ్డదా అత్తా నీ కడుపు?"

"అప్పుడేనా? సీజన్ ఇప్పుడే గదనే మొదలైంది."