చెరువుగట్టు ఇంటి అరుగు

మా వీధి చివర చెరువుగట్టు మీది ఇంట్లో ఒక రచయిత్రి ఉండేవారు. కుళాయి రాకపోతే చాలు, మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి మునిసిపాలిటీకి అర్జీ రాయించేవారు, వెంటబెట్టుకు వెళ్లి పోట్లాడేవారు. ఎనభైల మొదట్లో ఆవిడ పోయాక, ఇంటిని అలాగే ఉంచి తోటను అందరికీ పార్కుగా చేశారు. ప్రారంభం నాడు ఛైర్మన్‌గారు "ఇక ఈ ఇంటి నుంచి అర్జీలు రావండీ" అని మైకులో నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

వారం తిరక్కుండానే పార్కులో లైట్లు ఆరిపోయాయి. సాయంత్రం వెళ్లేసరికి మా వీధి ఆడవాళ్లంతా ఆ అరుగు మీదే ఉన్నారు. "మీ దస్తూరీ బాగుంటుందండీ, మీరే రాయండి" అని కాగితం నా చేతిలో పెట్టారు. చెరువుగాలికి హాయిగా కూర్చుని రాశాను. చిరునామా దగ్గర మాత్రం, ఎవరినీ అడగకుండా, ఆ ఇంటి నంబరే వేశాను.