మా బరకం కిందికి వచ్చిన క్రిస్మస్ కూటం

మా చిన్నప్పుడు... పత్తి తీతకి కనిగిరి వైపు నుంచి వినుకొండ దగ్గరికి వలస వచ్చేవాళ్ళం. ఒక ఏడు ఊళ్ళో ఉన్న మట్టిల్లు కూడా కూలిపోయింది. ఇంక చేలో నాలుగు వెదురు కర్రలు, పైన ప్లాస్టిక్ బరకం... అదే మా కొంప.

ఆ పక్క ఊళ్ళో చిన్న చర్చి ఉండేది. క్రిస్మస్‌కి ముందు రోజుల్లో రోజుకో ఇంట్లో ప్రార్థన కూటం. ఎవరింట్లో ఎప్పుడో బోర్డు మీద రాసేవాళ్ళు. ఆదివారం ఆరాధన అయ్యాక మా అమ్మ మార్తమ్మ సంఘపెద్ద దగ్గరికెళ్ళి, "మా పేరు కూడా రాయండయ్యా" అంది.

ఆయన చాక్‌పీసు పట్టుకుని అలాగే చూశాడు. "ఇంటికి రావాలి కదమ్మా... మీకు ఇల్లేదీ?"

చెడ్డమనిషేం కాదు. అయినా ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుద్ది. అమ్మ మాత్రం నెమ్మదిగానే అంది... "బరకం కింద ఉంటున్నామండీ. ఆ పుట్టినాయన పశువుల పాకలో సర్దుకోలా? మీరూ ఒక్క గంట సర్దుకోండి."

ఆయన బోర్డు చివర అమ్మ పేరు రాశాడు.

తీరా మా వంతు రోజు పొద్దున్నే చేను ఆసామి వచ్చి, ఇక్కడ తీత అయిపోయింది, కాలవ అవతల చేనుకి మారమన్నాడు. బరకం విప్పి, గిన్నెలు నెత్తిన పెట్టుకుని కాలవ దాటాం. చర్చికెళ్ళి చెప్పొద్దామంటే కూలీల మేస్త్రి పొద్దుగూకేదాకా పని వదల్లేదు. వాళ్ళేమో పాత చేనుకే వస్తారు...

"పోనీలేవే, వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు నాన్న.

"వచ్చే ఏడు ఏ చేలో ఉంటామో నీకు తెలుసా?" అంది అమ్మ.

అమ్మ తన ఎర్రచీర కొంగు చించి, వెదురు బద్దలకి చుట్టి నక్షత్రం కట్టింది. లోపల బ్యాటరీ లైటు పెట్టి, నాన్న చేత పొడుగాటి గడకి కట్టించి నిలబెట్టించింది. ఉన్నవి రెండే చీరలు ఆవిడకి...

"వస్తారా అమ్మా?" అన్నాను.

"వస్తారు. పత్తి నింపే గోనె బోరేలు పరిచిపెట్టు, కూర్చుంటారు."

చీకటి పడేవేళకి గట్టు మీద వరసగా మనుషులు... ముందు ఆ సంఘపెద్దే. చెప్పులు చేతిలో, పంచె మోకాళ్ళ దాకా తడిసిపోయింది.

"పాత చేలో ఎవరూ లేరమ్మా. వెనక్కి పోదామనుకుంటుంటే ఈ లైటు కనపడింది" అన్నాడు.

లోపలికి రావాలంటే అంతటి మనిషీ నడుం వంచాల్సొచ్చింది. సగంమంది పట్టక బయట బోరేల మీదే కూర్చుని పాడారు. శనగ గుగ్గిళ్ళు, బెల్లం టీ... గ్లాసులు చాలక వంతులవారీగా తాగారు. వెళ్ళేముందు ఆయన, "ఆ రోజు తప్పుగా అన్నానమ్మా" అన్నాడు. "టీ చల్లారిపోద్ది, తాగండి" అంది అమ్మ. నాకు ఆ పూట మా బరకం చూసుకుంటే ఎంత గర్వమో...

ఇప్పుడు అమ్మ లేదు. నాకు గుంటూరులో డాబా ఉంది. కూటాల లిస్టు వాట్సాప్‌లో వస్తుంది, ఇంటి లొకేషన్ పెట్టమంటారు. ఊరి బయట చేలల్లో బరకాలు మాత్రం అలాగే ఉన్నాయి, కింద ఉండే మనుషులే మారారు. మొన్న అక్కడి ఒక తల్లిని అడిగి, ఈసారి నా వంతుకి ఆవిడ బరకం లొకేషనే పెట్టాను.

గంటలో సంఘంవాళ్ళ ఫోను. "ఏంటండీ, ఇది పత్తి చేను చూపిస్తుంది... ఇల్లేదీ?"

నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. ఇన్నేళ్ళకి బోర్డు పోయి ఫోను వచ్చింది గానీ, ఆ ప్రశ్న మాత్రం పోలేదు.

"ఉందండీ... కాస్త నడుం వంచి రావాలి, అంతే" అన్నాను.

మీ చిన్నప్పుడు మీ ఇంటికి అలా నడుం వంచి వచ్చినవాళ్ళెవరైనా ఉన్నారా? కింద రాయండి... చదువుకుంటాను.