కిటికీ పక్క మూల సీటు

పీయూసీ అయిపోయిన ఆ వేసవంతా పొద్దున్నే లేచి బంగారు గని వాళ్లు పోసిన సైనైడ్ మట్టి దిబ్బ పక్క మైదానంలో పరిగెత్తేదాన్ని. మిలిటరీలో ఆడపిల్లలను తీసుకునే రాత పరీక్ష పాసయ్యాను. పరుగు పరీక్ష మిగిలింది. గాలి లేస్తే దిబ్బ మీది పొడి పళ్ల మధ్య కరకరలాడేది. ఇంటికొచ్చి డైరీలో ‘అలసట’ అని ఒక్క మాట రాసి మూసేసేదాన్ని.

మిలిటరీ నాయన కోరిక. గనిలో గుమాస్తాగా చేసిన మనిషి, గని మూతపడ్డాక బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర సెక్యూరిటీ.

“మైన్ మూసినారు. మిలిటరీని ఎవురు మూస్తారు పాపా?” అనేవాడు.

నాకేమో బెంగళూరులో బీఏ చదవాలని. ఆయన ముందు ఆ మాట పూర్తిగా ఎప్పుడూ అనలేకపోయాను. సగం మాటకే ఆయన కనిపెట్టేశాడు.

కాలేజీలో చేరడానికి ఆఖరు రోజున నాయన నన్ను తను రోజూ డ్యూటీకి పోయే బెంగళూరు రైలెక్కించాడు. “దిగేలోపల తేల్చుకో. కాలేజీ అంటే నేనూ వస్తా. మిలిటరీ అంటే తిరుగు ట్రైన్లో ఇంటికి పో” అని చెప్పి జనరల్ బోగీలోకి వెళ్లిపోయాడు.

లేడీస్ బోగీలో రోజూ పోయేవాళ్లకు ఎవరి సీటు వాళ్లకుంటుంది. ఒకరు మానేస్తే ఆ చోటు ఎవరికివ్వాలో మిగతావాళ్లే తేలుస్తారు. ఒళ్లో బీన్స్ తుంచుకుంటున్న ఒకామె నన్ను కిటికీ మూలకు జరిపింది.

“యాడికి పాపా?”

“ఇంకా తెలీదక్కా.”

“తెలీకుండానే ట్రైన్ ఎక్కినావా!”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. తలొంచుకుని సంగతి చెప్పాను.

“మూడేండ్లు ఈ ట్రైన్లో పోయొస్తే అదే మిలిటరీ” అంది ఎదురుగా పూలు కడుతున్నామె.

బీన్స్ అక్క మాత్రం నవ్వలేదు. “ఈ మూల కూర్చునే పిల్లకి పెండ్లయింది. కావాలంటే నీది. వద్దంటే ఇప్పుడే చెప్పు, ఇంగొకామె అడగతా ఉండాది.”

మా క్వార్టర్సులో ఉన్నది ఒకటే గది. నాకంటూ కూర్చుని చదువుకునే మూల అందులో ఎప్పుడూ లేదు. మిలిటరీ బ్యారక్‌లో మాత్రం ఎక్కడుంటుంది?

“నాకే కావాలక్కా.”

దిగేసరికి నాయన ప్లాట్‌ఫారం మీద మోకాళ్లు రుద్దుకుంటున్నాడు. దారంతా నిలబడే వచ్చాడు.

“సీటు దొరికిందా?”

“దొరికింది నాయనా. రోజూ కూర్చోడానికి.”

“సరే. ఇంగ దిబ్బకాడ పరిగెత్తొద్దులే. ట్రైన్‌కి పరిగెత్తుదువు” అని నా సర్టిఫికెట్ల సంచి అందుకుని ముందు నడిచాడు.

ఆ మూలలో మూడేళ్లు కూర్చున్నాను. చదివినదానికంటే నిద్రపోయిందే ఎక్కువ. పుస్తకం జారి కింద పడితే బీన్స్ అక్క తీసి, దులిపి, నా ఒళ్లో పెట్టేది.