రెండు క్లబ్బుల మధ్య ఒక మోచెయ్యి

కరోనా తర్వాత మైదానాలు మళ్ళీ తెరుచుకున్న రెండో ఏడాది సంగతి ఇది. సోలాపూర్‌లో అశోక్ చౌక్ దగ్గర నాకొక చిన్న ఫిజియోథెరపీ క్లినిక్ ఉంది. పట్టేసిన కీళ్ళూ కండరాలూ వ్యాయామంతో, చేతితో, కాస్త యంత్రాల సాయంతో మళ్ళీ పనిచేసేలా చూడడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది భవాని పేట్ వైపు, తరాల కిందట వలస వచ్చి స్థిరపడ్డ తెలుగు మగ్గం పనివాళ్ళు, ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్ళు. మెడలు, భుజాలు, నడుములు. "నొప్పి తగ్గాలె, పని ఆగొద్దు" అని అందరూ అడిగేది ఒకటే. ఆ రెండూ కలిసి దొరకవని చెప్పీ చెప్పీ సాయంత్రానికి నా గొంతు అలిసిపోతుంది.

ఆటలతో నాకు సంబంధం ఉండేది కాదు. అది, పేట్ అంతా కాక, అంటే బాబాయి, అని పిలిచే అంబాదాస్ వల్ల అంటుకుంది. ఆయనకు తువ్వాళ్ళు నేసే మరమగ్గాలు కొన్ని ఉన్నాయి. వాటితోపాటు పేట్‌లోని ఆడపిల్లల కోసం ఒక బేస్‌బాల్ క్లబ్బు నడిపేవాడు. భుజం పట్టేసి నా దగ్గరికి వచ్చి, బాగయ్యాక, "డాక్టరమ్మా, మా పిల్లలు పడ్తుంటరు, లేస్తుంటరు. వారానికొకసారి వచ్చి చూసిపోండ్రి" అన్నాడు. కాదనడానికి కారణం వెతుక్కునే ఓపిక లేక సరేనన్నాను.

బేస్‌బాల్‌లో బంతి విసిరే మనిషిని పిచ్చర్ అంటారు. కొట్టేవాళ్ళ వెనక గొంతుక్కూర్చుని ఆ బంతిని పట్టేది క్యాచర్. మా క్లబ్బు కష్టమంతా ఈ ఇద్దరి మధ్యే ఉండేది. మా పిచ్చర్ భాగ్యశ్రీ విసిరితే కొట్టగలిగే అమ్మాయిలు చుట్టుపక్కల జిల్లాల్లో తక్కువ. కానీ ఆ వేగాన్ని పట్టగలిగే క్యాచర్ మాకు లేదు. అవతలివాళ్ళు కొట్టలేకపోయిన బంతి కూడా మా క్యాచర్‌ను దాటుకుని గోడ దాకా పోయేది. దాన్ని తెచ్చేలోపు వాళ్ళు పరుగెత్తేవాళ్ళు. అలా ఓడిపోయి ఓడిపోయి క్లబ్బుల లీగులో అట్టడుగుకు చేరాం. ఆ ఏడాది అక్కడే మిగిలితే లీగులో చోటు పోతుంది. చోటు పోతే స్కూలువాళ్ళు మైదానం ఇవ్వరు. మైదానం లేకపోతే క్లబ్బు లేదు.

ఆ లీగులో ఒక వెసులుబాటు ఉంది. సగం ఆటలు అయ్యాక క్లబ్బులు తమ ఆటగాళ్ళను ఒకరితో ఒకరు మార్చుకోవచ్చు. దాన్ని ట్రేడ్ అంటారు. ఒకసారి సంతకాలైతే వెనక్కి తీసుకోవడం ఉండదు. పుణె వైపు ఒక పెద్ద క్లబ్బు భాగ్యను అడిగింది. బదులుగా రుచిత అనే క్యాచర్‌నూ, బాగా కొట్టే ఇంకో అమ్మాయినీ ఇస్తామంది.

ఈ మాటలు నడుస్తున్న వారంలోనే భాగ్య నా క్లినిక్‌కి వచ్చింది. ఇంటర్ పూర్తిచేసి, పొద్దున ఆడుతూ, మిగతా వేళల్లో తల్లితో కలిసి బీడీలు చుట్టే పిల్ల. తక్కువ మాట్లాడుతుంది.

"ఏమైంది?" అన్నాను.

"ఏం లేదు మేడం. మోచెయ్యి లోపలి దిక్కు జెర గుంజుతుంది. చిటికెన వేలు తిమ్మిరెక్కుతది."

మోచేతిని కొద్దిగా వంచి, పక్కకు నెట్టి చూశాను. ఆమె ముఖం మారలేదు. రెండో చెయ్యి మాత్రం వెళ్ళి బల్ల అంచును పట్టుకుంది. స్కాన్‌కు పంపాను. నేను భయపడ్డదే తేలింది. మోచేతి లోపలి వైపు లిగమెంట్, అంటే ఎముకను ఎముకకు కట్టిపెట్టే గట్టి పట్టీ, కొంత చిరిగింది. పూర్తిగా తెగలేదు. కొన్ని నెలలు విసరడం మానేస్తే ఆపరేషన్ లేకుండానే నయం కావచ్చు. విసురుతూ పోతే తెగుతుంది. ఈ సీజన్‌కు బంతి ముట్టొద్దని చెప్పాను.

భాగ్య గోడ మీది వెన్నెముక బొమ్మ వైపు చూసింది.

"ఎవ్వరికి చెప్పకుండ్రి మేడం. ఆ క్లబ్బోల్లు హాస్టల్ ఇస్తమంటున్నరు. కాలేజీల సీటు గూడ చూస్తరంట. పోయినంక ఆడ చూపిచ్చుకుంట."

"వాల్లు నిన్ను వైద్యం చేపియ్యనీకి పిలుస్తలేరు. బంతి విసరనీకి పిలుస్తున్నరు."

"తెలుసు" అంది.

వారాంతంలో మగ్గాలకు సెలవు. అంబాదాస్ కాక తన షెడ్డులోనే సమావేశం పెట్టాడు. నేనూ, కోచ్ సవితా తాయి (మరాఠీలో తాయి అంటే అక్క), ఆయన. తాయి మరాఠీ మనిషైనా మా పేట్‌లోనే పెరిగింది, తెలుగు మాకంటే వేగంగా మాట్లాడుతుంది. సగం నేసిన తువ్వాళ్ళు మగ్గాల మీదే ఉన్నాయి. మేం దారపు పెట్టెల మీద కూర్చున్నాం.

"ఒక్క పోరినిచ్చి ఇద్దరిని తెచ్చుకుంటె మనకు నష్టమేంది?" అని కాక మొదలుపెట్టాడు. "క్యాచర్ దొరుకుతది, కొట్టే పోరి దొరుకుతది. రెండు బొక్కలు మూసుకపోతయి."

"మూడోది పడ్తది" అంది తాయి. "భాగ్యను ఇచ్చినంక విసిరేటోల్లు ఎవరు కాక? బాల్ రాకుంటె క్యాచర్ ఏం పడ్తది, దోమల్నా?"

"సారిక ఉంది గదా. నేర్పిస్తె నేర్చుకుంటది."

"అది నేర్చుకునేదాంక లీగ్ ఆగుతదా? భాగ్యను ఉంచుకుందం. ఆమె చుట్టు టీం కడ్దం. ఉన్న క్యాచర్‌తోనే పొద్దుగాల ఇంకింత సేపు ప్రాక్టీస్ చేపిద్దం."

"రెండేండ్ల సంది గదే చెప్తున్నవ్ తాయీ."

ఎవరు ఉండాలి, ఎవరు పోవాలి, ఎవరు ఎక్కడ నిలబడాలి అని తేల్చుకున్న జట్టును రోస్టర్ అంటారు. ఆ పూటంతా వాళ్ళిద్దరూ ఒకే రోస్టర్‌ను అటూ ఇటూ తిప్పారు. భాగ్య ఉంటే ఒక చోట ఖాళీ, పోతే ఇంకో చోట ఖాళీ. ఇద్దరి మాటా నిజమే. అందుకే ఎంతకీ తెగలేదు. చాయ్ రెండుసార్లు వచ్చింది. నాకు అక్కడినుంచి లేచి ఇంటికి వెళ్ళి పడుకోవాలనిపించింది.

చివరికి కాక నా వైపు తిరిగాడు. "డాక్టరమ్మా, మీరు చెప్పుండ్రి. భాగ్య చెయ్యి మంచిగనే ఉంది గదా?"

మా వృత్తిలో ఈ విషయంలో సందేహానికి చోటు లేదు. "నా దగ్గరికొచ్చినోల్ల ఒంటి సంగతి నేను ఇంకొకల్లకు చెప్ప కాకా. ఆమెనే అడుగుండ్రి" అన్నాను.

కాక నా ముఖంలోకి కాసేపు చూశాడు. చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"అయితే ఈ వారమే ఇచ్చేద్దం" అన్నాడు నెమ్మదిగా.

తాయికి కూడా అర్థమైంది. "ఇది మోసం కాకా."

"నేనేం దాసిపెట్టిన? నాకెవరేం చెప్పిండ్రు?"

నోరు విప్పకపోవడం కూడా ఒక్కోసారి చెప్పడమే అవుతుందని ఆ రోజు చూశాను. ఆమెను కాపాడదామని నేను పాటించిన మౌనమే ఆమెను తొందరగా బండి ఎక్కించబోతోంది.

మర్నాడు భాగ్య ఇంటికి వెళ్ళాను. బీడీ కార్మికుల కాలనీలో ఒక గది, ముందు చిన్న అరుగు. తల్లి లక్ష్మీబాయి ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. భాగ్య పక్కన కూర్చుని తునికాకు కత్తిరిస్తోంది. తల్లి ముందు ఎలా మొదలుపెట్టాలా అని నేను తటపటాయిస్తుంటే, ఆమే చుట్టడం ఆపకుండా అంది:

"నాకు తెల్సు మేడం. వారం సంది కత్తెర ఎడమ చేతిల పట్టుకుంటుంది."

ఇక దాచేదేమీ లేదు. "నేను ఎవ్వరికి చెప్ప" అన్నాను భాగ్యతో. "గని నువ్వు చెప్పు. చెప్పి పో. తీసుకుంటె తీసుకుంటరు."

"చెప్పినంక ఎవరు తీసుకుంటరు మేడం? చెయ్యి ఉన్నంత సేపే నన్ను అడిగేటోల్లు."

"చెప్పకుండ పోతె ఆ చెయ్యే ఉండది."

అప్పుడు లక్ష్మీబాయి తల ఎత్తింది. ఆమె గొంతులో కోపం లేదు. "నా బుజం ఎన్నేండ్ల సంది పైకి లేస్తలేదు. జడ ఏసుకోరాదు. ఎవరన్న వచ్చి ఆపుమన్నరా నన్ను? పోనియ్యుండ్రి మేడం. నొప్పి ఈడున్న ఉంటది, ఆడున్న ఉంటది. ఆడనైతె బీడీలు చుట్టదు."

నేను లేచాను. భాగ్య సందు చివరి దాకా వచ్చింది. ఆటో వచ్చేదాకా నిలబడి, వెనక్కి వెళ్ళిపోయింది.

ఆ వచ్చిన ఆదివారం పొద్దున పుణె క్లబ్బు మేనేజర్ కారులో వచ్చాడు. వెంట రుచిత ఉంది. పొడుగ్గా, మా పిల్లలకంటే కాస్త పెద్దగా కనిపించింది. సంతకాలకు ముందు భాగ్య విసురుతుంటే ఒకసారి చూస్తానని, తమ క్యాచరే బంతులు పట్టుకుంటుందని మేనేజర్ అన్నాడు. నేను వెళ్ళకూడదనుకుంటూనే ఐసు డబ్బా తీసుకుని వెళ్ళాను.

భాగ్య మొదటి బంతి విసిరింది. రుచిత చేతి తొడుగులో అది పడిన చప్పుడుకు మా పిల్లలందరూ ఒక్కసారిగా అటు తిరిగారు. భాగ్య విసిరిన బంతి గోడకు తగలకుండా చేతిలో పడడం వాళ్ళు ఎప్పుడోగాని చూడలేదు. తాయి ముఖం తిప్పుకుంది. ఇంతకాలం ఆమె కోరుకున్న జోడీ ఎదురుగా ఉంది, కానీ ఒకరు వస్తే ఇంకొకరు పోతారు.

నేను భాగ్య మోచేతినే చూస్తున్నాను. నాలుగైదు బంతుల తర్వాత నా చూపు బంతి పట్టే వైపు మళ్ళింది. రుచిత గొంతుక్కూర్చున్నప్పుడు కుడి మోకాలు పూర్తిగా మడవడం లేదు, పక్కకు చాపుతోంది. లేచేటప్పుడు బరువంతా ఎడమ కాలి మీద వేసి, అరచెయ్యి తొడకు ఆనిస్తోంది. అలాంటి మోకాళ్ళు నేను రోజూ చూస్తాను. లోపల ఎముకల మధ్య మెత్త లాగా ఉండే మెనిస్కస్ చెడితే మనిషి అలాగే లేస్తుంది. వాళ్ళ క్లబ్బు రుచితను ఎందుకు వదులుకుంటోందో నాకు అప్పుడు అర్థమైంది. పాడైన చేతిని మేం ఇస్తున్నాం, పాడైన మోకాలిని వాళ్ళు ఇస్తున్నారు. రెండు క్లబ్బులవాళ్ళూ తామే లాభపడ్డామనుకుంటున్నారు.

ఇంకో రెండు బంతులయ్యాక రుచిత ఆట ఆపమని చెయ్యెత్తి, నడుచుకుంటూ భాగ్య దగ్గరికి వెళ్ళింది. ఇద్దరూ మైదానం మధ్యలో నిలబడి మాట్లాడుకున్నారు. మాటలు మాకు వినపడలేదు. తర్వాత భాగ్యే చెప్పింది. "నీ చెయ్యి నొస్తున్నదా?" అని రుచిత మరాఠీలో అడిగిందట. "నీ మోకాలు నొస్తున్నదా?" అని భాగ్య అడిగిందట. "మా సర్‌కు చెప్పినవా?" అని రుచిత అంటే "లేదు, మా కాకకు నువ్వు చెప్పినవా?" అని భాగ్య అందట. దూరం నుంచి నాకు కనిపించింది మాత్రం ఒకటే. ఆ వారాలన్నిటిలో మొదటిసారి భాగ్య నవ్వింది.

ఇద్దరూ కలిసి మా దగ్గరికి వచ్చారు.

"సర్, నా మోచెయ్యి లోపల చినిగింది" అంది భాగ్య మేనేజర్‌తో, ఆయనకు అర్థమయ్యేలా మరాఠీలో. "ఈ సీజన్ విసరొద్దన్నరు."

రుచిత అంబాదాస్ కాక వైపు తిరిగింది. "నా మోకాలికి ఆపరేషన్ చెయ్యాలన్నరు. మా సర్‌కు తెలుసు."

మేనేజర్ తన కారు వైపు చూశాడు. కాక మైదానం పక్క మెట్టు మీద కూర్చున్నాడు. చివరికి కాకే అన్నాడు, "మేనేజర్ సాబ్, మనిద్దరం మంచి యాపారస్తులమే."

ట్రేడ్ జరగలేదు. కారు వెళ్ళిపోయింది. రుచిత మళ్ళీ మాకు కనిపించలేదు. సారిక విసిరింది, మా పాత క్యాచర్ పట్టింది, మేం అట్టడుగునే మిగిలాం. లీగులో చోటు పోయింది, తర్వాత మైదానమూ పోయింది. కాక ఇప్పుడు ఒక ఖాళీ ప్లాటులో, మిగిలిన పిల్లలతోనే ప్రాక్టీస్ చేయిస్తున్నాడు. నిజం చెప్పినందుకు అందరికీ మంచి జరిగిందని నేను అనలేను. భాగ్యకు హాస్టల్ పోయింది, కాలేజీ సీటు పోయింది. ఆపరేషన్ అవసరం రాలేదు, అంతే.

భాగ్య నెలల తరబడి క్లినిక్‌కి వచ్చింది. ఒకరోజు రబ్బరు పట్టీ లాగుతూ అడిగింది.

"ఆ దినం చెప్పకుంటె ఏమయ్యేది మేడం?"

"కొన్ని మ్యాచులు ఆడేదానివి."

"హాస్టల్ల ఉండి?"

"ఔ. హాస్టల్ల ఉండి."

తల ఊపి మళ్ళీ లాగడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఎక్కువ విసరక్కర్లేని చోట, ఫస్ట్ బేస్ దగ్గర నిలబడుతుంది. తాయికి సాయంగా చిన్నపిల్లలకు ఆట నేర్పుతుంది. మునుపటి వేగం రాలేదు. లక్ష్మీబాయిని భుజం చూపించుకోమని చాలాసార్లు కబురు పంపాను. ఒక్కసారీ రాలేదు.

నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి, ఏం చేస్తే పెరుగుతుంది అని ముందు అడగడం మాకు చదువులో నేర్పారు. భాగ్య తర్వాత నేను ఇంకొక ప్రశ్న చేర్చుకున్నాను. "నీ నొప్పి జల్ది తగ్గాలని నీకంటె ఎక్కువ తొందర ఎవరికుంది?" అని అడుగుతాను. మగ్గాల సేటు అంటారు కొందరు. అత్త అంటారు, కోచ్ అంటారు. ఆ పేరు తెలిస్తే ఆ మనిషి ఎవరి దగ్గర నొప్పి దాస్తుందో, ఏ వారం నుంచి నా దగ్గరికి రావడం మానేస్తుందో ముందే అంచనా వేసుకుంటాను, ఇవ్వాల్సిన వ్యాయామాలు దాన్నిబట్టి మార్చుకుంటాను. లక్ష్మీబాయి లాంటి కొందరు మాత్రం ఆలోచించి, "ఎవ్వరికి లేదు మేడం" అంటారు. బయట ఎంతమంది కూర్చుని ఉన్నా, అలా అన్నవాళ్ళను నేను తొందరగా పంపించను.