చింతపండుతో తోమిన తుపాకీ

తప్పులు పట్టడం నా ఉద్యోగం. అమెరికాలో నోవై అనే ఊళ్ళో ఒక కార్ల కంపెనీకి సాఫ్ట్‌వేర్ టెస్ట్ చేస్తాను. ఇరవై ఏళ్లుగా ఎదుటివాడి తప్పుకి నెంబరు వేసి, అది ఎవరి వల్ల జరిగిందో రాసి, పదిమందికీ మెయిల్ కొట్టి, ఆ తర్వాత ప్రశాంతంగా కాఫీ తాగుతున్నాను. ఇలాంటివాడికి తప్పు విలువెంతో ఒకరు పాఠం చెప్పాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. అదీ ఒక తుపాకీ మీద పడ్డ తప్పు గురించి.

తుపాకీ నాది కాదు, మా పక్కింటి పెద్దాయనది. ఆయన కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన అమెరికన్. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. మంచు పడ్డ రోజు నాకంటే ముందే లేచి, ఇంటిముందు తన డ్రైవ్‌వే మీది మంచుతో పాటు మాదీ పారతో ఎత్తేసి, నేను బయటికొచ్చి థాంక్స్ చెప్పేలోపు లోపలికి వెళ్ళిపోతాడు. అందుకు ప్రతిగా మేము ఆయనకి చేసేది ఏటా దీపావళికి ఒక స్వీట్ బాక్స్ ఇవ్వడం. వచ్చిన బాక్సుల్లో కాజు కట్లీ మేము ఉంచుకుని, సోన్‌పాపిడి ఆయనకిచ్చేవాళ్లం.

ఆ ఏడు దసరాకి మా డ్రైవ్‌వేలో ఆయుధ పూజకి ఏర్పాట్లు చేస్తున్నాం. ఆయుధాలంటే మాకేమున్నాయి? ఒక వ్యాను, ఒక ఎలక్ట్రిక్ కారు, ఆఫీసువాళ్ళిచ్చిన లాప్‌టాప్. టైర్ల కింద నిమ్మకాయలు పెడుతుంటే పెద్దాయన వచ్చి ఇదంతా ఏమిటని అడిగాడు. పనిముట్లకీ ఆయుధాలకీ ఏడాదికోసారి దణ్ణం పెట్టుకునే పండగ అని చెప్పాను. ఆయన కాసేపు లాప్‌టాప్ మీది కుంకుమ బొట్టు వంక చూశాడు.

"నా దగ్గర నిజం ఆయుధం ఒకటుంది. తేనా?" అన్నాడు ఇంగ్లీషులో.

తెచ్చాడు. పాత సింగిల్ బ్యారెల్ తుపాకీ, కుందేళ్ళ వేటకి వాడేది. ముందు దాన్ని మడత దగ్గర వంచి తెరిచి, లోపల గుళ్ళేమీ లేవని చూపించాడు. తర్వాత గొట్టం మీద వేలు పెట్టి కంపెనీ ముద్ర చూపించాడు. అది తలకిందులుగా ఉంది. ఆ ముద్ర కొట్టింది ఆయన తండ్రేనట.

"మా నాన్న తుపాకుల ఫ్యాక్టరీలో ముద్రలు కొట్టేవాడు. ఒకరోజు గొట్టాన్ని అటుదిటు బిగించాడు. తుపాకీ పూర్తిగా తయారయ్యాక గానీ ఎవరూ చూడలేదు. సూపర్‌వైజరొచ్చి, ఇది కొట్టిందెవరని వరసలో అందర్నీ నిలబెట్టి అడిగాడు. నాన్న చెయ్యెత్తాడు. సాయంత్రానికి ఉద్యోగం లేదు. ఇది ఎవరూ కొనరని, ఆఖరి జీతంలో దీని ఖరీదు కోసుకుని చేతిలో పెట్టి పంపారు."

ఆ తండ్రి బతికినన్నాళ్ళూ అన్నదమ్ములు ఏ పండగకి కలిసినా ఆయనకి ప్లేటు బోర్లించి పెట్టి నవ్వేవారట. ఈమధ్య పెద్దాయన ఎక్కడో చదివాడు, ఫ్యాక్టరీలో ముద్ర తప్పు పడ్డ తుపాకుల్ని సేకరించేవాళ్ళు ఉంటారనీ, అలాంటివాటికి విలువ ఎక్కువనీ.

"నేను దీన్ని అమ్మను. తెలిసినవాడు ఒక్కడు, ఇది అరుదైనది అంటే చాలు. మా నాన్న సమాధి దగ్గరికెళ్ళి ఆ మాట చెప్పొస్తాను" అన్నాడు. చెబుతూ గొట్టాన్ని బొటనవేలితో నిమిరాడు.

నాకు లోలోపల నవ్వొచ్చింది. మా అమ్మ ఒకసారి స్టీలు బిందె మీద పేరు కొట్టించుకుంటే, కొట్టువాడు తలకిందులుగా కొట్టాడు. అమ్మ గంటసేపు పోట్లాడి, కూలి ఎగ్గొట్టి, పైగా ఒక గరిటె ఉచితంగా పట్టుకొచ్చింది. తప్పు ముద్రకి మా ఊళ్ళో పలికిన విలువ ఆ గరిటె. ఇక్కడేమో తప్పు పడితే మ్యూజియం ధర పలుకుతుందట. డబ్బు ఎక్కువైన దేశంలో జనానికి సరైన వస్తువులంటే విసుగొస్తుంది కాబోలు అనుకున్నాను.

అయినా నాకు తెలియని విషయం ఉందని ఒప్పుకోవడం నా వంట్లో లేదు. ఆ మధ్యాహ్నమే మూడు వీడియోలు చూసి తుపాకుల పండితుణ్ణయిపోయాను. మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక ప్రశ్న పడేస్తే పావుగంటలో పదకొండు మంది నిపుణులు పుట్టుకొచ్చారు. వాళ్ళలో ఒక్కడూ తుపాకీని ముట్టుకున్న పాపాన పోలేదు. ఒకాయన తన దగ్గరున్న తప్పుగా అచ్చైన రూపాయి నోటు ఫొటో పెట్టి, తప్పు ఎంత స్పష్టంగా కనపడితే ధర అంత పెరుగుతుందని తేల్చేశాడు. వచ్చే నెల ఊరి చివర తుపాకుల ప్రదర్శన ఉంది, నేనే కార్లో తీసుకెళ్తానని పెద్దాయనకి మాటిచ్చేశాను. సాయంత్రం పూజ అయ్యేదాకా దేవుడి దగ్గరే ఉండనీ అని ఆయన తుపాకీని మా ఇంట్లో వదిలి వెళ్ళాడు.

వంటింట్లో మా ఆవిడ దీపపు కుందులూ హారతి పళ్ళెమూ చింతపండుతో తోముతోంది. నేను తుపాకీ పట్టుకుని సింకు దగ్గరికెళ్ళాను.

"ఏవండీ, ప్లీజ్, దాన్ని టచ్ చేయకండి. ఆయన ఇచ్చినట్టే బొట్టు పెట్టి ఇచ్చేద్దాం" అంది.

"మురికిగా ఉంటే దేవుడి దగ్గర ఎలా పెడతాం? తోమకుండా పూజసామాను పెడతారా ఎవరైనా?"

"అది పూజసామానా?"

"ఇవాళ్టికి అవును."

"మీ ఇష్టం. తర్వాత నన్ను అడగొద్దు" అని తడిచేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది. మా ఇంట్లో ఆ మాట వచ్చిందంటే ఏదో ఒకటి పాడవబోతోందని అర్థం. నేను ఆ మాట లక్ష్యపెట్టలేదు.

చింతపండు గుజ్జు దట్టంగా పట్టించి అరగంట నానబెట్టాను. పాత టూత్‌బ్రష్‌తో ఒక్కో అక్షరం సందునా రుద్దాను. నల్లగా దిగుతుంటే ఆహా ఎన్నేళ్ళ మురికో అనుకున్నాను. ఎంత దిగితే అంత పుణ్యం అన్నట్టు తోమాను. కడిగి తుడిచేసరికి గొట్టం తెల్లగా, కొత్త స్టీలు గ్లాసులా మెరిసింది. తలకిందుల ముద్ర గది అవతలి నుంచి కూడా కనబడుతోంది. దానికి గంధం రాసి, కుంకుమ పెట్టి, లాప్‌టాప్ పక్కన నిలబెట్టి హారతిచ్చాను.

మర్నాడు పెద్దాయన వచ్చి తుపాకీని చేతిలోకి తీసుకున్నాడు. ముద్రని బొటనవేలితో రెండుసార్లు నిమిరి చూశాడు.

"బాగా మెరుస్తోంది. శ్రమ తీసుకున్నావు" అన్నాడు చివరికి.

నేను పొంగిపోయాను. అమెరికన్ల మర్యాదలో ఏది మెచ్చుకోలో ఏది ఏడుపో ఇరవై ఏళ్ళైనా నాకు పట్టుబడలేదు.

నెల తర్వాత శనివారం ప్రదర్శనకి వెళ్ళాం. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, తుపాకీని దుప్పట్లో చుట్టి, దారంతా ఒళ్ళోనే పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర అది ఖాళీగా ఉందని చూసి, పేల్చడానికి వీల్లేకుండా ప్లాస్టిక్ తాడు బిగించి లోపలికి పంపారు. లోపల అచ్చం మన సంతే. కూరగాయల బదులు తుపాకులు, మధ్యమధ్య ఎండు మాంసం ప్యాకెట్లు, స్ట్రోలర్లలో నిద్రపోతున్న పసిపిల్లలు. ఒక బల్ల మీద ముద్ర రెండుసార్లు పడ్డ పిస్తోలుకి ఎర్ర అక్షరాలతో 'అరుదైన తప్పు' అని చీటీ కట్టి, అద్దాల పెట్టెలో పెట్టారు. దాని ధర చూసి నేను పెద్దాయన భుజం తట్టాను. ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా అయింది.

పాత తుపాకులకి వెలకట్టే గడ్డపాయన ఒకడున్నాడని ఎవరో చెబితే అతని బల్ల దగ్గరికెళ్ళాం. దుప్పటి విప్పగానే ముద్ర చూసి అతని కళ్ళు వెలిగాయి. భూతద్దం తీసి అక్షరాల మీదికి వంగాడు. కాసేపటికి ఆ వెలుగు తగ్గిపోయింది.

"తప్పుకి విలువ ఉంటుంది, కాదనను. చాలావాటికి వింతకొద్దీ కాస్త ఎక్కువ ఇస్తారు. ఇంత పెద్ద తప్పు, ఫ్యాక్టరీ దాటి బయటికొచ్చిందంటే మాత్రం దానికోసం కొట్టుకునేవాళ్ళున్నారు. కాకపోతే అది ఫ్యాక్టరీలోనే జరిగిందని రుజువు కావాలి. ఈ కంపెనీ మూతబడి చాలా కాలమైంది, కాగితాలు దొరకవు. మిగిలే రుజువల్లా పైపూత. ముద్ర కొట్టాక తుప్పు పట్టకుండా నల్లపూత వేస్తారు, అది అక్షరాల లోపలికీ దిగుతుంది. అది ఉంటే ఫ్యాక్టరీ తప్పు. ఇక్కడ అక్షరాల్లో ఆవగింజంత కూడా లేదు. ఎవడో మొన్న గ్యారేజీలో కూచుని కొట్టి, జనాన్ని మోసం చేయడానికి తెచ్చాడన్నా నేను కాదనలేను."

"మా నాన్న మోసం చేసేవాడు కాదు" అన్నాడు పెద్దాయన.

"మీ నాన్నని అనడం లేదండీ. ఆ పూత ఉండి ఉంటే, ఇన్నేళ్ళలో ఇలాంటిది చూడలేదని నేనే అనేవాణ్ణి" అని గడ్డపాయన తుపాకీని బల్ల మీద పెట్టి, మా ఇద్దరి వంకా చూశాడు. "ఇంతకీ దీన్ని తోమిందెవరు?"

నేను పక్క బల్ల మీది ఎండు మాంసం ప్యాకెట్లు చూడసాగాను. మిరియాలది, తేనెది, ఘాటుది, అన్నీ చదివాను. ఆ హాల్లో నా రంగు మనిషిని నేనొక్కణ్ణే, నా తప్పు దేశం మొత్తానికి చుట్టుకుంటుందని భయపడ్డానని చెప్పుకోవచ్చు. అవన్నీ కోతలు. ఆఫీసులో నా వల్ల ఏదైనా పాడైనప్పుడు కూడా నేను ఇంతే శ్రద్ధగా వేరే వైపు చదువుతాను.

పక్కన ఏదో కదిలింది. పెద్దాయన బళ్ళో పిల్లాడిలా, మెల్లగా, కుడిచెయ్యి ఎత్తాడు.

"నేనే" అన్నాడు.

గడ్డపాయన ఆయన్ని ఐదు నిమిషాలు వాయించాడు. బుర్ర ఉన్నవాడు ఎవడైనా ఇలాంటి పని చేస్తాడా, తండ్రి జ్ఞాపకాన్ని గిన్నెలా తోముకుంటారా అన్నాడు. పెద్దాయన తలాడిస్తూ అంతా విన్నాడు. తర్వాత దుప్పటి చుట్టుకున్నాడు. తిరుగు దారిలో ఒక్కసారే నోరు విప్పాడు, ఆకలేస్తోందా అని అడగడానికి. ఆయన తండ్రి సమాధి ఉన్న వీధి దాటుతుంటే కారు ఆపమంటాడేమో అనుకున్నాను. ఆపమనలేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది గానీ, గడ్డపాయనకి నిజం చెప్పడానికి కారు వెనక్కి తిప్పలేదు.

"ఏమన్నారండీ?" అంది మా ఆవిడ గుమ్మంలోనే.

"దానికి పెద్ద వాల్యూ లేదుట" అన్నాను. తను నన్నూ సింకునీ మార్చి మార్చి చూసింది.

మర్నాడు తెల్లారేసరికి ఆ ఏడు మొదటి మంచు పడింది. కాఫీ కప్పుతో వంటింటి కిటికీ దగ్గరికొస్తే, మా డ్రైవ్‌వే అప్పటికే శుభ్రంగా ఉంది. పెద్దాయన పార భుజాన వేసుకుని ఇంటికి పోతూ, కిటికీలో నన్ను చూసి చెయ్యెత్తి ఊపాడు. నేనూ ఎత్తాను. ముందురోజు ఎంతకీ లేవని చెయ్యి, ఇప్పుడు ఎంత తేలిగ్గా లేచిందో.